అక్కర్లేని కాగితం: ఆరు నెలల తూకం

నల్లకుంటలోని మా ఫ్లాటుకు అడగకుండా వచ్చిపడే కాగితాన్ని మార్చి 1 నుంచి తలుపు పక్కన ఒక అట్టపెట్టెలో వేస్తూ, నెలాఖరున వంటింటి కాటా మీద తూస్తున్నాను. మార్చిలో 1,420 గ్రాములు తూగింది. ఏప్రిల్‌లో 1,960కి చేరింది. ఇంటర్ ఫలితాలు, అక్షయ తృతీయ ఒకే నెలలో పడ్డాయి మరి; పెట్టెలో సగం కోచింగ్ సెంటర్లు, సగం నగల దుకాణాలు.

తూకం కన్నా మేలు చేసింది నోటు పుస్తకంలో గీసుకున్న మూడు గళ్లు: పేపరులో, పోస్టులో, తలుపు దగ్గర. కాగితం ఏ దారిన వస్తోందో తెలిస్తేనే అక్కడికి వెళ్లి ఆపగలం. సగానికి పైగా దినపత్రికలోనే వస్తోందని నెల తిరగకుండానే తేలింది.

మే మొదటి వారంలో పేపరు ఏజెంటుతో మాట్లాడాను. "అమ్మా, కరపత్రాలకు వెయ్యికి ఇంతని మాకు డబ్బు వస్తుంది. మీ ఒక్క కాపీలో పెట్టకపోతే పోయేదేమీ లేదు. కానీ చీకట్లో మీ కాపీ ఏదో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?" అన్నారు. న్యాయమైన మాట. నేనే ఎర్ర రబ్బరు బ్యాండ్ల పొట్లం ఒకటి కొనిచ్చాను. కరపత్రాలు దూర్చే ముందే మా కాపీకి ఎర్ర బ్యాండు వేసి పక్కన పెడుతున్నారు. వారంలో ఐదారు రోజులు పేపరు పలచగా, హాయిగా వస్తోంది. జూన్‌లో పిల్లవాడు మారినప్పుడు నాలుగు రోజులు మళ్లీ మామూలే. కొత్త అబ్బాయికి నేనే చూపించాల్సి వచ్చింది.

పోస్టు సంగతి వేరు. మా ముందు అద్దెకున్నవారి పేరుతో ఇంకా కవర్లు వస్తున్నాయి. అవి మనవి కావు కాబట్టి తెరవకూడదు, పారేయకూడదు. కవరు మీద "ఈ చిరునామాలో లేరు" అని పెద్ద అక్షరాలతో రాసి పోస్టుమాన్‌కు తిరిగి ఇస్తున్నాను. పంపినవారి చిరునామా ఉన్న కవర్లకే ఇది పనికొస్తుంది. ఒక బ్యాంకు నుంచి వచ్చేవి మూడోసారికి ఆగాయి.

నాన్నగారు కొన్న షేర్లు ఇప్పుడు అమ్మ పేరు మీద ఉన్నాయి. ఈమెయిల్ నమోదు చేసుకోనివారికి కంపెనీలు వార్షిక నివేదిక ఎక్కడ చూడాలో తెలిపే ఉత్తరం పంపుతాయి. డీమ్యాట్‌లో, అంటే ఎలక్ట్రానిక్ రూపంలో, ఉన్న షేర్లకు ఆ ఖాతా ఉన్న చోటే ఈమెయిల్ ఇస్తే అన్ని కంపెనీలకూ ఒకేసారి సరిపోతుంది. ఇంకా కాగితం సర్టిఫికెట్లుగా ఉన్నవాటికి మాత్రం ఆ కంపెనీ వాటాదారుల వివరాలు చూసే రిజిస్ట్రార్ సంస్థకు, వివరాలు నమోదు చేసుకునే ఐఎస్ఆర్-1 ఫారం పంపాలి. మార్చితో లెక్కలు ముగించే కంపెనీలు సెప్టెంబరు 30లోగా వార్షిక సమావేశం జరపాలి కనుక ఈ ఉత్తరాల జోరు జులై, ఆగస్టుల్లో ఉంటుంది. అంతకు ముందే, జూన్‌లో, ఈ పని ముగించాను.

అన్నిటికన్నా నాకు పట్టుదల పెంచింది ఒక నున్నటి కవరు. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక స్టాలు దగ్గర లక్కీ డ్రా కూపను నింపుతూ, నా పేరు ముందు ఇంటి పేరు అక్షరానికి బదులు "ఎన్" అని రాశాను, నుమాయిష్ గుర్తుగా. మార్చి 19న రిసార్టు సభ్యత్వం అంటూ కవరు వచ్చింది. పారదర్శకమైన కిటికీలోంచి చిరునామా కనబడుతోంది. నా పేరు ముందు ఎన్! ఆ స్టాలులో అమ్మింది వంట సామాను. నా చిరునామాను నాకు చెప్పకుండా ఎవరికో ఇచ్చేశారని చేతిలో రుజువు పెట్టుకుని చూస్తే నిజంగా బాధేసింది. అప్పటి నుంచి ఏ ఫారం నింపినా ఒక్కో చోట ఒక్కో అక్షరం రాసి, పుస్తకంలో తేదీతో సహా గుర్తు పెట్టుకుంటున్నాను. బ్యాంకు, ఆధార్ వంటి చోట్ల మాత్రం అసలు పేరే రాయాలి, అక్కడ ఈ ప్రయోగం కూడదు.

ఆ రిసార్టువారికి రాసిన ఉత్తరం రెండే వాక్యాలు: "నా పేరు, చిరునామా మీ జాబితాలోంచి తీసేయండి. తీసేసినట్టు తెలియజేయండి." దానితో పాటు చిరునామా చీటీ ఫోటో కూడా పంపాను. చీటీ మూలన చిన్న అంకెలు ఉంటాయి, జాబితాలో మన పేరు వెతకడానికి వాళ్లకు అవే ఆధారం. ఫోనులో రెండుసార్లు అడిగినా కాని పని ఈమెయిల్‌తో అయింది. తర్వాత ఒక్క కవరూ రాలేదు.

ఇక తూకం: జూన్‌లో 980 గ్రాములు, ఆషాఢం డిస్కౌంట్లు ఉన్నా జులైలో 640, ఆగస్టులో 410. పాత పేపర్లు కొనే అతనికి ఇచ్చే ముందు చిరునామా ఉన్న ముక్కలు చింపి వేరు చేస్తున్నాను. ప్లాస్టిక్ పొర ఉన్నవి అతను తీసుకోడు, అవి పొడి చెత్త నీలి బుట్టలోకి.

మిగిలిన 410లో ఎక్కువ భాగం తలుపు గడియకు తగిలించి వెళ్లేవే. వాచ్‌మన్ యాదయ్య గారితో మాట్లాడాను, ఆయన కాపలా గదిలో ఉన్నంతసేపూ ఎవరూ పైకి రావడం లేదు. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లే గంట మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఆదివారం సంఘం సమావేశంలో కింద ఉత్తరాల పెట్టెల పక్కన ఒక బుట్ట పెట్టి, కరపత్రాలన్నీ అందులోనే వేయమని తెలుగులో, హిందీలో బోర్డు రాయిద్దామని అడగబోతున్నాను.