మూడో రాత్రీ బకెట్టు ఆగిపోయింది, కానీ దొంగ దొరికాడు

తెల్లవారుజామున 4.50. భీమిలి దగ్గర సరుగుడు తోటలో, టెంటులో పడుకుని ల్యాప్‌టాప్ వంకే చూస్తున్నాను. మేం పెట్టబోయే క్యాంపు కోసం, బోర్లించిన బకెట్టులో అమర్చిన వైఫై రాత్రంతా నిలుస్తుందో లేదో చూసే పరీక్ష ఇది. అప్పటిదాకా చక్కగా వస్తున్న పింగ్ (అవతలి పరికరం బతికే ఉందని చెప్పే జవాబు) ఒక్కసారిగా ఆగిపోయింది. వరసగా మూడో శనివారం ఇదే కథ. మొదటిసారి 3.10కి, రెండోసారి 2.40కి, ఇప్పుడిలా. కానీ ఈసారి పొద్దున్నే ఇంటికి వచ్చేటప్పుడు చాలా సంతోషంగా ఉన్నాను. ఎందుకో చెప్తాను.

సంక్రాంతి అయ్యాక రెండు రాత్రుల హ్యాకర్ క్యాంపు (కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్‌తో సరదాగా ప్రయోగాలు చేసేవాళ్ల గుడారాల మేళా) పెట్టాలని మా ఏడుగురి పట్టుదల. వచ్చేది 40 మంది. జర్మనీలో 1999 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే కేయాస్ కమ్యూనికేషన్ క్యాంప్ గానీ, ఇంగ్లాండ్‌లో ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ అనే క్యాంపు గానీ మన దగ్గర ఎందుకు జరక్కూడదు? అక్కడ కరెంటు లాగేదీ, కేబుల్ పరిచేదీ, గేటు దగ్గర నిలబడేదీ చాలావరకు టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లే. మనవాళ్లు పెళ్లి పందిళ్లలో, వినాయక మండపాల్లో ఎప్పటినుంచో చేస్తున్న పని అదే కదా.

జర్మనీ క్యాంపులో నాకు బాగా నచ్చింది డాటెన్‌క్లో. మైదానంలో అక్కడక్కడా ప్లాస్టిక్ మరుగుదొడ్డి డబ్బాలు నిలబెట్టి, వాటిలో నెట్‌వర్క్ స్విచ్‌లు పెడతారు. వాన పడదు, తలుపుకి తాళం ఉంటుంది. మాకు అంత అవసరం లేదు కాబట్టి 20 లీటర్ల పెయింట్ బకెట్టు బోర్లించాం. లోపల మైక్రోటిక్ కంపెనీ హెక్స్ రౌటర్, వైఫై ఇచ్చే ఒక యాక్సెస్ పాయింట్. రెండూ కలిపి 9 వాట్లు తాగుతాయి. బ్యాటరీ ఉన్న టెంటు నుంచి బకెట్టుకి 90 మీటర్ల కేబుల్, 24 వోల్టుల ప్యాసివ్ పీవోఈ, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపడం. 45 మీటర్ల ముక్కలు రెండు, మధ్యలో వాటి ప్లగ్గుల్ని కలిపే ఒక జాయినర్. ఆ జాయినర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదటి రాత్రి తర్వాత బకెట్టులో ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో పాటు వోల్టేజీ కొలిచే ఐఎన్ఏ219 చిప్ పెట్టి, నిమిషానికోసారి వోల్టేజీ రాయించాను. రెండో రాత్రి లెక్క ఇది. పదింటికి 18.0. ఒంటిగంటకు 17.4. రెండున్నరకు 16.2. 2.40కి సున్నా. బ్యాటరీ వైపు మాత్రం రాత్రంతా 24.0, కదల్లేదు. అంటే బ్యాటరీ మీద, దాని వోల్టేజీని 24కి పెంచే బూస్ట్ కన్వర్టర్ మీద నేను పడ్డ అనుమానం తప్పు. వారం ముందు కొత్త కన్వర్టర్‌కి పెట్టిన డబ్బు దండగ.

తర్వాతి అనుమానం కేబుల్ మీద. బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. అట్టపెట్టె మీద మాత్రం కాపర్ అనే ఉంది. కొన్న షాపులో అడిగితే అందరూ ఇదే వాడుతున్నారన్నారు. నా మాట వినండి, పవర్ పంపే పనికి పూత కేబుల్ ముట్టుకోవద్దు. చివర షార్ట్ చేసి కొలిస్తే పోను రాను 11.8 ఓంల నిరోధం. అసలు రాగిది 7.5 వచ్చింది. 24 వోల్టులతో 12 ఓంల దారిలో అవతలికి పంపగలిగేది మహా అయితే 12 వాట్లు. ఆ పైన ఎంత అడిగినా వోల్టేజీ కుప్పకూలుతుంది. మన లోడు 9, వైఫై గట్టిగా పనిచేసినప్పుడు పదిన్నర. ఓంలు 14కి పెరిగితే గరిష్ఠం 10.3 వాట్లే. అంతే, పడిపోయింది. మరి రాత్రి పూట 2 ఓంలు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాయి?

అది తేలకుండానే మూడో రాత్రికి రాగి కేబుల్ వేసేశాను. పదింటికి 20.7 చూసి పని అయిపోయిందనుకున్నాను. 4.30కి 17.2కి దిగింది. ఇరవై నిమిషాల తర్వాత పోయింది.

చీకట్లోనే టార్చి పట్టుకుని కేబుల్ వెంట నడిచాను. ఇసక కాళ్లకి అంటుకుంటోంది, అంత తడి. జాయినర్ చేత్తో పట్టుకుంటే నీళ్లు కారాయి. అక్కడికక్కడే మీటరు పెడితే ఒక్క జాయినర్‌కే దాదాపు 6 ఓంలు. ప్లగ్గు పీకి చూశాను. ఎనిమిది పిన్నుల్లో 4, 5 మాత్రం పచ్చగా, పాత ఇత్తడి చెంబుకి పట్టిన చిలుములా ఉన్నాయి. 7, 8 మెరుస్తున్నాయి. ప్లస్ వెళ్లేది 4, 5లోనే! ఉప్పుగాలి, మంచు, డీసీ కరెంటు మూడూ కలిస్తే ప్లస్ వైపు లోహం కరుగుతుంది. మూడు రాత్రులూ అదే జాయినర్ వాడాను, రాత్రి రాత్రికీ ఇంకాస్త తినేసింది. ఎండెక్కాక మళ్లీ కొలిస్తే 1 ఓం కూడా లేదు. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా బాగానే ఉండటానికి కారణం అదే అయ్యుండాలి.

తోట కాపలా తాత టీ గ్లాసుతో వచ్చి చూశాడు. "ఇసక మీద పడేస్తే ఇంతే బాబూ, తెల్లారేసరికి తడిసిపోద్ది. కొమ్మకి కట్టేయండి" అన్నాడు. వచ్చేవారం అదే చేస్తున్నాను. అసలు జాయినరే లేకుండా 90 మీటర్లు ఒకే ముక్క. ప్లగ్గులు రెండూ నేలకి మీటరు ఎత్తున, నీటిచుక్క కిందికి జారిపోయేలా కేబుల్‌ని ప్లగ్గు ముందు కిందికి వంచి కడతాను. పిన్నులకి సిలికాన్ గ్రీజు. బ్యాటరీ టెర్మినల్స్‌కి పూసే వాజెలిన్ చాలదా అని మావాడు అడుగుతున్నాడు. నాకు ఎండకి కరిగే వస్తువు మీద నమ్మకం లేదు.

ఇంకో ఆలోచన 48 వోల్టులు. 802.3ఏఎఫ్ అనే పీవోఈ ప్రమాణం పాటించే స్విచ్ అయితే అవతల సరైన పరికరం ఉందని తేలాకే కరెంటు వదులుతుంది. కేబుల్‌లో 14 ఓంలు ఉన్నా పోయేది దాదాపు 3 వోల్టులే. కాకపోతే హెక్స్ తీసుకునేది 30 వోల్టుల దాకానే, మధ్యలో వోల్టేజీ తగ్గించి ఇచ్చే స్ప్లిటర్ కావాలి. 8 వోల్టుల దగ్గర్నుంచే పనిచేసే చవక రౌటర్ అది, దాన్ని మార్చే ప్రసక్తే లేదు. పైగా వోల్టేజీ పెరిగితే తడిలో పిన్నులు ఇంకా త్వరగా పోతాయేమోనని టెన్షన్.

 

క్యాంపుని అరకుకి మార్చుదామని ఇద్దరు పట్టుబడుతున్నారు. ఉప్పుగాలి ఉండదు, నిజమే. జనవరిలో అక్కడ కురిసే మంచు మాత్రం భీమిలిని మించిపోతుంది. అందుకే తప్పు ఉప్పుదా, ఒట్టి తడిదా తేల్చడానికి మరో జాయినర్ కొని, పాత పూత కేబుల్ ముక్కలు రెండింటినీ దానితో కలిపి, డాబా మీద తడిగుడ్డ చుట్టి రాత్రంతా 24 వోల్టులు వదిలాను. పొద్దున్నకి 0.2 ఓంలు పెరిగింది. ఈ రాత్రికి గుడ్డని ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన సముద్రపు నీళ్లలో తడిపి పెడుతున్నాను.