పొందూరులో కెమెరా పక్కన పెట్టి

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరంలో ఆ పొద్దున నేను నొక్కిన ఫొటోలు నాలుగొందలకు పైనే. రాత్రి మామయ్యగారింట్లో భోజనాలయ్యాక వాటిని టీవీకి తగిలించి ఒక్కొక్కటీ చూపిస్తుంటే, మా బావ చేతిలో అరిసె పట్టుకుని కాసేపు ఓపిగ్గానే చూశాడు. ఆ తర్వాత, "అది సరే గానీ బావా, వీళ్లంతా ఏం చేస్తున్నట్టు? తాడాట ఆడుతున్నారా?" అన్నాడు.

అత్తయ్య పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే బావ అన్నది నిజమే.

వాళ్లు లాగుతున్నది అలివి వల. నావ మీద వెళ్లి వలను సముద్రంలో పెద్ద అర్ధచంద్రంలా పరిచి వస్తారు. దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని చాలాసేపు లాగుతాయి. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అంతా అయ్యాక గానీ చేపలున్న సంచి బయటపడదు. ఇదంతా నేను కళ్లారా చూశాను. ఫొటోల్లో మాత్రం వంగిన వీపులు, ఇసకలో దిగబడిన కాళ్లు, ఎక్కడినుంచో వచ్చి ఎక్కడికో పోయే ఒక తాడు. సముద్రం లేదు, వల లేదు. తాడు రెండు చివర్లనీ ఫ్రేము అంచులు కోసేశాయి. ఇరవై మంది ఒకరి మీద ఒకరు పడిపోయి ఒకటే నల్లటి ముద్ద. అది చాలదన్నట్టు, నేను నిటారుగా నిలబడి తీయడం వల్ల నీటిగీత సరిగ్గా అందరి మెడల దగ్గరే అడ్డంగా పోయింది.

అసలు సంగతి నా మొహమాటం. పనిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి "ఫొటో తీసుకోవచ్చా" అని అడగాలంటే నాకు నోరు పెగలదు. అందుకే పెద్ద జూమ్ లెన్స్ తగిలించుకుని దూరంగా నిలబడి దొంగచాటుగా తీసుకుంటూ వచ్చాను. జూమ్‌తో ముఖాలు దగ్గరికొస్తాయి, కానీ మనుషుల మధ్య ఉన్న ఎడం మాయమైపోతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పోయాక అక్కడ జరుగుతున్న పని ఏమిటో ఎవరికి అర్థమవుతుంది? తాడు పట్టుకున్న మొదటి మనిషి పక్కకి వెళ్లి, మామూలు లెన్స్‌తో, కాస్త కింద కూర్చుని తీసి ఉంటే, తాడు అతని చేతుల్లోంచి బయల్దేరి అలల్లోకి వెళ్లేది. ఆ ఒక్క గీతతో కథంతా చెప్పొచ్చు. ఈ తెలివి రాత్రి పదింటికి, అరిసెలు తింటూ వచ్చింది.

మర్నాడు ఆమదాలవలస నుంచి బావ బండి మీద పొందూరు వెళ్లాం. సన్నఖద్దరు అంటే ఈ ఊరి పేరే చెబుతారు. ఇక్కడి నూలు సన్నదనం చూసి ముచ్చటపడి, ఎలా చేస్తున్నారో తెలుసుకుని రమ్మని గాంధీ తన కొడుకు దేవదాస్‌ని పంపించారని చెప్పుకుంటారు. వంద కౌంటు నూలు ఇప్పటికీ ఇక్కడ చేత్తోనే వడుకుతారు, కౌంటు పెరిగే కొద్దీ నూలు అంత సన్నం. రాట్నానికి పోగు చుట్టుకునే చువ్వ, అంటే కదురు, ఒకటే. చక్రానికి మధ్య నుంచి అంచుకి పోయే ఆకులు 24.

బావ స్నేహితుడొకతను మమ్మల్ని ఓ పెంకుటింటి వసారాలోకి తీసుకెళ్లి, "మామ్మా, వీళ్లు మనోళ్లే" అని చెప్పి తన పనికి వెళ్లిపోయాడు. బావ కూడా టీ తాగొస్తానని జారుకున్నాడు. డెబ్బై దాటిన ముసలావిడ నేల మీద కూర్చుని రాట్నం తిప్పుతోంది. నేను గుమ్మంలో కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

"ఏటి బాబూ, నిలబడిపోనావు? కూకో."

కూర్చున్నాను. రెండు ఫొటోలు తీయబోతుంటే, తల ఎత్తకుండానే అంది: "మొన్నొకాయన ఒచ్చినాడు. రాట్నం ఆపీమన్నాడు. మంచి కోక కట్టుకోమన్నాడు. నవ్వమన్నాడు. పోగు తెగిపోతే నవ్వొత్తాదేటి? ఆపినంతసేపూ నా కూలి ఎవులిత్తారు?"

"నేను ఆపమనను మామ్మా."

"అయితే ముందు సూడు. తర్వాత తీద్దువు గాని."

కెమెరా సంచిలో పెట్టేశాను. దాదాపు రెండు గంటలు అలాగే కూర్చున్నాను. మధ్యలో ఆవిడ కోడలు గ్లాసుతో మంచినీళ్లు, ఓ పళ్లెంలో జీడిపప్పు తెచ్చిపెట్టింది.

1946లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ గాంధీని ఫొటో తీయడానికి వెళ్తే, ముందు రాట్నం తిప్పడం నేర్చుకుని రమ్మన్నారట ఆయన దగ్గరివాళ్లు. ఇది చదివినప్పుడు నాకది చాదస్తంలా తోచింది. ఆవిడ తీసిన ఆ ఫొటోలో గాంధీ నూలు వడకడం లేదు, వెనక కూర్చుని కాగితాలు చదువుకుంటున్నారు. రాట్నమే ముందు, పెద్దగా ఉంటుంది. పొందూరు వసారాలో కూర్చున్నాక ఆ చాదస్తం మీద నా అభిప్రాయం మారింది.

మామ్మ కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమచేతి వేళ్ల మధ్య ఏకు, అంటే వడకడానికి చుట్టిన దూది. చక్రం తిరిగే కొద్దీ ఆ చెయ్యి కదురు నుంచి మెల్లగా వెనక్కి, పైకి, భుజం దాటి వెళ్తుంది, వెంట పోగు సాగుతుంది. చెయ్యి ఇక వెళ్లలేనంత దూరం వెళ్లాక ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు చక్రాన్ని ఇంచుమించు జానెడు వెనక్కి తిప్పి, చెయ్యి దించుతుంది, పోగు కదురుకి చుట్టుకుంటుంది. మళ్లీ మొదలు. నేను లెక్కపెట్టాను. ప్రతిసారీ అదే దారి, అదే ఎత్తు, అదే ఆగడం. ఏడెనిమిది చుట్లకోసారి మాత్రం తల తిప్పి వాకిట్లో ఆడుకుంటున్న మనవడి వైపు చూస్తుంది.

అంటే నేను దేని వెంటా పరుగెత్తక్కర్లేదు. కళింగపట్నంలో ప్రతి కదలికకీ ఓ ఫొటో నొక్కుతూ పోయాను, ఆ బస్సు ఇక రాదన్నట్టు. ఇక్కడ బస్సు ఎన్ని నిమిషాలకి వస్తుందో తెలిసిపోయింది. చెయ్యి పైన ఆగే ఆ క్షణానికి చుట్టూ అంతా సర్దుకుని, కెమెరా పట్టుకుని కూర్చుంటే చాలు.

ఆ సర్దుకోవడంలోనే తంటా వచ్చింది. నేను కూర్చున్న చోటి నుంచి మామ్మ వెనక సున్నం వేసిన గోడ. తెల్లగోడ మీద తెల్లపోగు! కంటికే ఆనదు, కెమెరాకి ఎక్కడ ఆనుతుంది? గోడకి ఓ బ్యాంకు క్యాలెండరు, సరిగ్గా ఆవిడ తల వెనక నీలం నీళ్ల డ్రమ్ము. ఫొటోలో చూస్తే డ్రమ్ముని నెత్తిన పెట్టుకున్నట్టుంది. డ్రమ్ము పక్కకి జరిపించమని అడగబోయి ఆగాను. వాళ్లిల్లు అది, నా స్టూడియో కాదు. నేనే జరిగాను. నాలుగడుగులు ఎడమకి దేక్కుంటూ వెళ్తే, మామ్మ వెనక్కి లోపలిగది తలుపు వచ్చింది. తెరిచిన తలుపు, లోపల చీకటి. వసారా వైపు నుంచి పక్కవాటుగా ఎండ. అప్పుడు కనిపించింది పోగు, సాలెగూడు దారంలా మెరుస్తూ. డ్రమ్ము దానంతటదే ఫ్రేము బయటికి పోయింది. క్యాలెండరు మాత్రం మూలన సగం ఉండిపోయింది, ఉండనీ అనుకున్నాను.

ఇక చక్రం. మొదట షట్టరు సెకనులో 500వ వంతు సేపే తెరుచుకునేట్టు పెట్టి తీశాను. చూస్తే 24 ఆకులూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. తిరుగుతున్న రాట్నం మూలన పడేసిన రాట్నంలా ఉంది. మరీ తగ్గించి 8వ వంతు పెడితే చక్రంతో పాటు మామ్మ చెయ్యి కూడా పొగైపోయింది. మధ్యలో 30వ వంతు కుదిరింది, కాకపోతే ఓ షరతు మీద. చెయ్యి పైన ఆగే ఆ క్షణంలోనే నొక్కాలి. అప్పుడు చెయ్యీ ముఖమూ నిలకడగా ఉంటాయి, చక్రం మాత్రం సుడి తిరుగుతుంది. రెండు గంటలు ఊరికే కూర్చోకపోయి ఉంటే ఆ క్షణం ఉందనే నాకు తెలిసేది కాదు. ఆవిడ చూపు వెళ్లే వైపు, చెయ్యి సాగే వైపు ఫ్రేములో కాస్త ఖాళీ వదిలాను. లేకపోతే చెయ్యి వెళ్లి అంచుకి గుద్దుకున్నట్టుంటుంది.

పక్కింట్లో ఇద్దరాడవాళ్లు పత్తి శుభ్రం చేస్తున్నారు. పొందూరు వెళ్లినవాళ్లందరూ ఫొటో తీసుకునేది ఇదే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం. గింజ మీదున్న పత్తినే దువ్వెనతో తల దువ్వినట్టు, చెత్తా చెదారం పోయి పోచలన్నీ ఒక దిక్కుకి వచ్చేదాకా దువ్వుతారు. ఆ దవడలో పళ్లు ఎంత సన్నంగా, దగ్గరదగ్గరగా ఉంటాయంటే వేలితో తడిమితే ఆకురాయిలా గరగరమంటుంది. నేను అత్యాశకి పోయి దవడ ఒక్కటే ఫ్రేము నిండా వచ్చేట్టు తీశాను. బావ వచ్చి చూసి, "విరిగిన దువ్వెనా?" అన్నాడు. రెండోసారి ఆవిడ భుజం వెనక నుంచి తీశాను. ముందు భుజం, ఆ కింద రెండు చేతులు, చేతుల్లో దవడ, దవడ కింద మంచులా పేరుకున్న పత్తి. ఆవిడ ముఖం లేదు. అయినా ఆవిడ కూర్చున్నచోట మనమే కూర్చున్నట్టు ఉంటుంది. వడికే ఏకుల్ని ఎండిన అరటిదొప్పలో పెట్టుకుంటారు, నలిగిపోకుండా. ఆ దొప్ప ఫొటో ఒకటి తీసుకున్నాను, అంత బాగా రాలేదు.

మగ్గం దగ్గర మరో పాఠం. గుంటమగ్గంలో నేతగాడి కాళ్లు గుంటలో, కూర్చున్నది నేల మట్టాన. నిలబడి తీస్తే బట్టతల తప్ప ఏమీ రాదు. నేల మీద బోర్లా పడుకున్నాను, చొక్కా నిండా దూది. అక్కడినుంచి మగ్గం మీద పొడవునా పరిచిన పడుగుదారాలన్నీ నా వైపు నుంచి బయల్దేరి ఆయన గుండెల దాకా వెళ్లాయి, వాటి చివర ఆయన ముఖం. "నిద్దరొస్తంటే లోపల సాప ఉంది, ఎల్లి తొంగోండి," అన్నాడాయన, అడ్డదారం మోసే నాడె విసురుతూనే.

మూడోరోజు బుడితి వెళ్లాం. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. దాని గురించి ఎక్కువ చెప్పను, వెళ్లింది మిట్టమధ్యాహ్నం కావడం వల్ల తలుపులోంచి పడే ఎండకీ కొలిమి మంటకీ మధ్య కెమెరా తికమకపడింది. మంట చూసి వెలుతురు కొలిస్తే మనిషి బొగ్గైపోయాడు, మనిషిని చూసి కొలిస్తే మంట తెల్లకాగితమైపోయింది. పొద్దుగూకాక రమ్మన్నారు. ఆ రోజు నాకు శ్రీకాకుళంలో పనుంది.

పని అంటే, ప్రింట్లు. మామ్మకి మాటిచ్చాను. ఫొటోలు తీసుకుని వెళ్లినవాళ్లు పంపిస్తామంటారట, ఒక్కరూ పంపలేదట. రెండు ఫొటోలు ఎంచుకున్నాను. ఒకటి నాకు ప్రాణం పెట్టేంత ఇష్టమైనది. చీకటి తలుపు, పక్కవెలుతురులో ముఖం మీద ప్రతి ముడతా, గాల్లోకి లేచిన చెయ్యి, కింద సుడి తిరుగుతున్న చక్రం. అందులో పోగు కనిపించడం లేదన్నది చూశాను గానీ, వంద కౌంటు పోగు కదా, ఈ సైజులో ఎక్కడ ఆనుతుందిలే అనుకున్నాను. రెండోది అంత గొప్పది కాదు. తల కాస్త వంగింది, క్యాలెండరు ఎక్కువ వచ్చింది, మనవడి కాలు ఒకటి అంచులో ఉంది. లెక్కకి ఉంటుందని వేయించాను.

నాలుగోరోజు రైలెక్కే ముందు పొందూరు వెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు తెప్పించుకుని, నాకు ఇష్టమైనదాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఇక్కడ పోగు తెగిపోనాది బాబూ."

"సన్నగా ఉంది కదా మామ్మా, ఫొటోలో కనిపించదు."

"కనిపించకపోడమేటి, నేదు. ఈ ఏలు సూడు." బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎడాన్ని గోటితో చూపించింది. "పోగుంటే ఏళ్లు ఇలాగ ఉండవు. తెగిపోనాదని సూసుకుంటన్నాను, అంతే."

ఫోన్‌లో అసలు ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి వెతికాను. ఏకు దగ్గర ఏమీ లేదు. కదురు దగ్గర చిన్న కొస గాల్లో వేలాడుతోంది.

రెండోది చూసి కోడల్ని పిలిచింది. అందులో వేళ్ల నుంచి కదురు దాకా పోగు ఉంది, వెంట్రుక మందాన. దాన్ని గోడకున్న దేవుడి పటం సందులో దోపి, మొదటిది నా చేతికి తిరిగిచ్చింది.

"ఇది నువ్వుంచుకో," అని రాట్నం వైపు తిరిగింది.