ఒబాటా జిగురు, హన్మకొండ ఎండ

చిత్రకారుడు చియురా ఒబాటా 1903లో జపాన్ నుంచి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. దేశం మారినా సిరా, కుంచె, పట్టు, జిగురు వదల్లేదు. 1927లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండలను వాటితోనే చిత్రించారు. 1932 నుంచి బర్క్లీ విశ్వవిద్యాలయంలో అవే నేర్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం అక్కడి జపాన్ సంతతివాళ్లను టాన్‌ఫోరాన్ గుర్రప్పందాల మైదానంలో నిర్బంధిస్తే, అక్కడా చిత్రకళా బడి నడిపారు. ఆయన్ను తలచుకునేవాళ్లు పట్టుదల గురించే చెబుతారు. కుంచె పట్టేవాళ్లకు ఆయన సామగ్రి కూడా తెలియాలి.

జపాన్ ఖనిజ రంగులు పొడిగా ఉంటాయి, వాటంతటవి అంటుకోవు. చేర్యాల నకాషీ చిత్రకారులు రంగుల్లో చెట్టు జిగురు కలిపినట్టే, జపాన్ చిత్రకారులు పశువుల తోళ్ల నుంచి తీసిన నికావా అనే జిగురు కలుపుతారు. 10 గ్రాముల నికావాను 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో రాత్రంతా నానేయాలి. ఉబ్బాక ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి, 60 డిగ్రీలు దాటకుండా కరిగించి వడకట్టాలి. మరిగితే అంటుకునే గుణం పోతుంది. పింగాణీ పళ్లెంలో రంగుపొడి వేసి, జిగురు చుక్క చుక్కగా కలుపుతూ వేలితో నూరాలి, నీళ్లు ఆ తర్వాతే. ఆరాక గుడ్డతో రుద్దితే పొడి రాలుతుందా, జిగురు చాలలేదు. మెరుస్తూ బీటలిస్తే ఎక్కువైంది.

హన్మకొండలో మే నెలలో బయట ఉంచిన నికావా మర్నాటికే కంపు కొడుతుంది. అలాంటిది మళ్లీ వేడిచేసి వాడొద్దు, పారబోయండి. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకు సరిపడా చేసుకుంటే చాలు. ఫ్యాన్ గాలికి రంగు మధ్యలోనే ఆరి అంచులు మరకలు కడతాయి. వేసవిలో పొద్దున్నే పని ముగించడం మేలు. వానాకాలం ఇబ్బంది వేరు: బూజుకు జిగురు ఇష్టం. బొమ్మను తడి గోడకు ఆనించొద్దు, పూర్తిగా ఆరకుండా చుట్టొద్దు.

రంగు పీల్చేసే కాగితానికి, పట్టుకు ముందుగా పటిక పూత కావాలి. లీటరు నీళ్లకు 20 గ్రాముల నికావా, 5 గ్రాముల పటిక. జిగురు కరిగి గోరువెచ్చగా అయ్యాకే పటిక కలపాలి. వెడల్పు కుంచెతో ఒకే దిశలో పూయాలి. సందు వదిలిన చోట రంగు ఇంకి నల్లటి మచ్చ పడుతుంది, దాన్ని తర్వాత సరిచేయలేం. పటిక మోతాదు మించితే కొన్నేళ్లకు కాగితం పెళుసెక్కుతుంది.

నికావా దొరక్కపోతే వంటకు వాడే రంగులేని జెలటిన్‌తో ఇదే పద్ధతిలో సాధన చేయొచ్చు.