మాస్టారి ఎర్రగీతలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న ఇంకా టిఫిన్ తింటుండగానే మాస్టారి ఫోన్. "ఏరా, ఆ ఎర్రగీతలు పెడతానన్నావు. సంక్రాంతికి ముందు మాట అది."

మా ఊరి గ్రంథాలయంలో కూర్చుని ఆయన ఊరి చరిత్ర టైపు చేస్తున్నారు. అరవై పేజీలు దాటింది. ఆ కంప్యూటర్ ఎవరో వద్దనుకుని ఇచ్చేసింది, 2 జీబీ ర్యామ్. 2021 చివర్లో దానికి డెబియన్ 11 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, రాసుకోడానికి లిబ్రెఆఫీస్ పెట్టి, తెలుగు టైపింగ్ నేర్పి వచ్చాను. నెట్ లేదు. ఆయన వద్దన్నారు కూడా, పిల్లలు రీల్స్ చూస్తారని. ఈమధ్య మనవరాలి ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిష్ తప్పుల కింద ఎర్రగీతలు చూశారట. అప్పట్నుంచి తెలుగుకీ కావాలని నా వెంట పడ్డారు.

తెలుగుకీ ఉన్నాయి. హన్‌స్పెల్ అనే స్పెల్లింగ్ చెకర్‌కి తెలుగు పదాల జాబితా ఒకటి ఉంది, హన్‌స్పెల్-టీఈ అనే ప్యాకేజీగా దొరుకుతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు 24.04 అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. అక్కడే ప్యాకేజీని దించే 'ఆప్ట్ డౌన్‌లోడ్' కమాండ్ కొట్టి, వచ్చిన డెబ్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బండెక్కాను. ఉబుంటు డెబియన్‌లోంచి వచ్చిందే కదా, రెండూ ఒకే ఇంటి పిల్లలే కదా అన్న ధీమా.

గ్రంథాలయంలో, డెబ్ ఫైల్‌ని ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ కమాండ్ కొట్టగానే ధీమా పోయింది. లోపలున్న కంట్రోల్ డాట్ టార్ డాట్ జెడ్‌ఎస్‌టీకి వాడిన కంప్రెషన్ ఏమిటో తెలియదు, వదిలేస్తున్నాను అంది. నిజంగానే 'గివింగ్ అప్' అనే మాటే ఉంటుంది ఆ మెసేజ్‌లో. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు. "ఏం తెలియదంటుందిరా ఇది?"

ఎలా చెప్పాలి? డెబ్ ఫైల్ అంటే ఒక సంచి. అందులో మూడు ఉంటాయి. వెర్షన్ నంబర్ రాసిన చిన్న చీటీ ఒకటి, ప్యాకేజీ వివరాల మూట ఒకటి, అసలు సరుకు మూట ఒకటి. ఈ మూటల్ని చాలాకాలం ఎక్స్‌జెడ్ అనే పద్ధతిలో కుదించేవాళ్ళు. బాగా చిన్నవవుతాయి గానీ విప్పడానికి టైం పడుతుంది. తర్వాత జెడ్‌స్టాండర్డ్ వచ్చింది, ఫైల్ పేరు చివర జెడ్‌ఎస్‌టీ అంటే ఇదే. ఫేస్‌బుక్‌లో యాన్ కొలే రాసింది, 2016లో 1.0 వెర్షన్ విడుదలైంది. మూట కాస్త పెద్దదైనా చిటికెలో విప్పుతుంది. ఉబుంటు వాళ్ళు 2021 అక్టోబర్‌లో వచ్చిన 21.10 నుంచి తమ ప్యాకేజీలకి దీన్నే వాడుతున్నారు. డెబియన్ 11 వచ్చింది అదే ఏడాది ఆగస్టులో. అందులోని డీపీకేజీకి జెడ్‌స్టాండర్డ్ విప్పడం రాదు. 2023లో వచ్చిన డెబియన్ 12కి గానీ రాలేదు.

ఇదంతా మాస్టారికి చెప్పలేదు. "ఊరగాయ బాగానే ఉందండీ, ఈ జాడీ మూత తీయడం దీనికి చేతకావట్లేదు" అన్నాను. "మరి మూత మార్చుకురా" అన్నారు, అంతే తేలిగ్గా.

ఎండలో ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి. డెబియన్ సైట్‌లో పదకొండుకి సరిపోయే డెబ్ ఫైలే వెతికి దించుకుంటే ఐదు నిమిషాల పని. అది ఎక్స్‌జెడ్‌లోనే ఉండేది. కానీ అప్పటికే నాకు మొండి పట్టు ఎక్కింది, ఈ మూత సంగతేదో చూడాలని. డెబ్ ఫైళ్ళని విప్పి కట్టే డీపీకేజీ-డెబ్ కమాండ్‌కి పెద్ద ఆర్ ఆప్షన్ ఇచ్చి సంచి మొత్తం ఒక ఫోల్డర్‌లోకి విప్పాను. చిన్న బీ ఇచ్చి మళ్ళీ కట్టాను. సంచిలో ఏమున్నాయో చూపించే ఏఆర్ టీ కమాండ్ కొట్టి చూస్తే... మళ్ళీ జెడ్‌ఎస్‌టీయే! కాక ఏమవుతుంది? కట్టింది ఉబుంటులో, దాని అలవాటు అదే. పెద్ద జెడ్ పక్కన ఎక్స్‌జెడ్ అని రాసి చెప్తేనే పాత పద్ధతిలో కడుతుంది. రెండోసారి అలా చెప్పి, రూట్-ఓనర్-గ్రూప్ అనే ఆప్షన్ కూడా చేర్చాను. లేకపోతే లోపలి ఫైళ్ళన్నీ నా యూజర్ పేరు మీదే ఉండిపోయేవి. ఈసారి ఏఆర్‌లో మూడూ వరసగా కనబడ్డాయి, రెండు మూటల పేర్ల చివరా ఎక్స్‌జెడ్‌తో.

పదాల జాబితా కాబట్టి ఈ సాహసం చేశాను. అదే ఏదైనా ప్రోగ్రామ్ అయితే చేసేవాణ్ణి కాదు. మూత మారినంత మాత్రాన కొత్త లైబ్రరీల (ప్రోగ్రామ్‌లు ఆధారపడే కోడ్ ముక్కల) కోసం కట్టిన ప్రోగ్రామ్ పాత సిస్టమ్ మీద నడవదు. ఇన్‌స్టాల్ అయ్యాక మొరాయిస్తే అది ఇంకా పెద్ద తలనొప్పి.

నాలుగింటికి మళ్ళీ గ్రంథాలయం. ఈసారి డీపీకేజీ కిక్కురుమనలేదు. లిబ్రెఆఫీస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష ఎంచి, మూసి, మళ్ళీ తెరిచాను. మాస్టారు కుర్చీ దగ్గరకి లాక్కున్నారు.

మొదటి పేజీ నిండా ఎర్రగీతలు. తప్పులు కావవి. 'ఊరు' ఉన్నంత మాత్రాన 'ఊరివాళ్ళందరిదీ' ఉండాలని లేదు కదా జాబితాలో. మనం ఒక్క మాటకి విభక్తి తగిలించి, 'ఏ' తగిలించి, 'కూడా' కలిపేసి పొడుగ్గా లాగేస్తాం. ఎంత పెద్ద జాబితా రాసినా అందదు. మా ఊరి పేరు కిందా గీత. మాస్టారి ఇంటిపేరు కిందా గీత.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏళ్ళు ఎర్ర ఇంకుతో పేపర్లు దిద్దానురా. ఇంత దారుణంగా ఎవరికీ గీతలు పెట్టలేదు" అన్నారు.

తీసేయనా అంటే వద్దన్నారు. కుడి క్లిక్ చేసి, ఒప్పయిన మాటని డిక్షనరీలో చేర్చడం చూపించాను. మొదట ఊరి పేరు చేర్చారు. గీత పోయింది. ఆ మొహంలో వెలుగు చూడాలి!

ఇంటికొచ్చి చెప్తే మావాడు తల కూడా ఎత్తకుండా, "ఫోన్‌కి కేబుల్ పెట్టి నెట్ ఇస్తే అక్కడే ఆప్ట్ ఇన్‌స్టాల్ అయిపోయేదిగా నాన్నా" అన్నాడు. కేబుల్ పొద్దున్నుంచీ నా బండి డిక్కీలోనే ఉంది.

తొమ్మిదింటికి మాస్టారి ఫోన్. ఇంకా గ్రంథాలయంలోనే ఉన్నారట, వాచ్‌మన్ తాళాలతో ఎదురుచూస్తున్నాడట. రెండో పేజీ అయిందట. మధ్యలో నిజం తప్పులు కూడా నాలుగు దొరికాయని, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని అన్నారు.