ముందు చింతపండు నానాలి

సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరి కాళ్ళు కడుక్కోగానే నేను చేసే మొదటి పని, నిమ్మకాయంత చింతపండును చిన్న గిన్నెలో వేసి అది మునిగేదాకా వేడినీళ్ళు పోయడం. ఆ పూటకు ఏం వండాలో అప్పటికి నేను నిర్ణయించుకొని ఉండను. చారు పెట్టవచ్చు, పప్పుపులుసు చేయవచ్చు, వంకాయలు ఉంటే పులుసుకూర వండవచ్చు. ఏది చేసినా చింతపండు పావుగంట నానితే గుజ్జు చేతికి తేలిగ్గా వస్తుంది, నానకపోతే ఎంత పిసికినా సగం పులుపు పిప్పిలోనే మిగిలిపోతుంది. ఈ అలవాటు మా అమ్మమ్మ నుంచి వచ్చింది. పొయ్యి రాజేయడానికి ముందే ఆవిడ చింతపండు నానవేసేది, కూరగాయలు తరిగేలోపు అది తన పని తాను చేసుకుపోయేది.

సంప్రదాయ వంట అంటే గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడడమేననీ, ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళలో అది సాగదనీ చాలామంది అంటూ ఉంటారు. పండగ వంటను చూసి రోజువారీ వంటను అంచనా వేయడం వల్లనే ఈ అభిప్రాయం ఏర్పడిందని నాకు అనిపిస్తుంది. బొబ్బట్లకూ, గారెలకూ, పూర్ణాలకూ సమయం పడుతుందన్నది నిజమే. కానీ ఉదయం తొమ్మిదింటికల్లా క్యారేజీ కట్టవలసిన ఇంట్లోనూ, తెల్లవారుజామునే పొలానికి బయలుదేరే వారి ఇంట్లోనూ వండిన అన్నం, పప్పు, కూర, చారు అంత తీరికగా తయారైనవి కావు. కట్టెల పొయ్యి మీద కూడా అవి గంటన్నరలోపే సిద్ధమయ్యేవంటే, దాని వెనుక ఒక పద్ధతి ఉంది. నిదానంగా చేయవలసిన పనులన్నీ వేసవిలో, తీరిక వేళల్లో ముందే జరిగిపోయేవి. ఆవకాయ జాడీకి ఎత్తేవారు, వడియాలూ చల్లమిరపకాయలూ ఎండేవి, చింతపండు గింజలు తీసి ఉండలు కట్టేవారు, కందిపొడి, చారుపొడి, కూరపొడి డబ్బాల్లో నిండేవి. ఏడాది పొడుగునా వండేటప్పుడు ఆ ముందుపని ఫలితాన్ని గరిటెడు, చెంచాడు చొప్పున వాడుకునేవారు.

చారు విషయం కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే తక్కువ సమయంలో అయ్యే వంటల్లో దానికి మించినది లేదు, తొందరపడితే పాడయ్యే వంటల్లోనూ దానికి మించినది లేదు. మా ఇంట్లో చారుపొడికి ఒక కప్పు ధనియాలు, పావు కప్పు మిరియాలు, పావు కప్పు జీలకర్ర, పావు కప్పు కందిపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు తీసుకుంటాం. నూనె వేయకుండా ఒక్కొక్కటి విడివిడిగా వేయించాలి. కందిపప్పు ఎర్రబడేలోపు జీలకర్ర మాడిపోతుంది కాబట్టి అన్నీ కలిపి ఒకేసారి మూకుడులో పోస్తే ఏదీ సరిగ్గా వేగదు. బాగా చల్లారిన తర్వాత కాస్త బరకగా పొడి చేసి, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఉంచితే నెల రోజులకు సరిపోతుంది.

చారు పెట్టేటప్పుడు చింతపండు రసంలో ఉప్పు, పసుపు, నలిపిన ఒక టమాటా, రెండు రెమ్మల కరివేపాకు వేసి ముందుగా మరగనివ్వాలి. పచ్చివాసన పోయేదాకా, అంటే దాదాపు ఎనిమిది పది నిమిషాలు, అది మరగవలసిందే. ఆ తర్వాత కుక్కరులో ఉడికిన పప్పు మీది తేటను, మేము కట్టు అంటాం, రెండు గరిటెలు పోసి, చారుపొడి ఒక చెంచా వేస్తాను. ఇక్కడి నుంచి స్టౌ వదిలి వెళ్ళకూడదు. గిన్నె అంచుల వెంట సన్నని నురగ మొదలై మధ్యకు పాకుతుంది, మొత్తం పైభాగం ఒక పొరలా పైకి లేస్తుంది. ఆ పొంగు వచ్చిన క్షణంలోనే దింపాలి. పొడి వేశాక ఎక్కువసేపు మరిగితే ధనియాల, మిరియాల సువాసన ఆవిరితో పోయి, ఘాటు మాత్రమే మిగులుతుంది. పులుసుకు దీనికి పూర్తిగా విరుద్ధమైన నియమం వర్తిస్తుంది. పులుసు ఎంత మరిగితే అంత చిక్కబడుతుంది, ముక్కలకు పులుపు పడుతుంది, బెల్లం ముక్క వేస్తే ఆ తీపి కూడా అందులో కలిసిపోతుంది. రెండూ చింతపండుతోనే చేసేవే అయినా ఒకదాన్ని పొంగుతో ఆపాలి, మరొకదాన్ని మరగనివ్వాలి. ఈ తేడా తెలియక చారును పులుసులా మరిగించి, చారు కుదరలేదని బాధపడేవారిని చాలామందిని చూశాను.

మిరపకాయ మన నేలకు వచ్చింది 16వ శతాబ్దంలో, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా. అంతకు ముందు మన వంటకు కారం ఇచ్చినది మిరియమే, మిరప అనే పేరు కూడా ఆ మాటతో ముడిపడినదే. టమాటా కూడా ఆ ఖండం నుంచే వచ్చింది. అందువల్ల జలుబు చేసినప్పుడు టమాటా, ఎండుమిరప లేకుండా వట్టి చింతపండుతో, దంచిన మిరియాలతో మనం పెట్టుకునే మిరియాల చారు, ఇవాళ్టి టమాటా చారు కంటే చాలా పాత రుచి. వేడివేడిగా తాగుతున్నప్పుడు నాకు ఆ సంగతి గుర్తుకు వచ్చి సంతోషం కలుగుతుంది.

పోపు దగ్గర కూడా ఇలాంటి శ్రద్ధే కావాలి. పోపు పెట్టడానికి పట్టేది రెండు నిమిషాలే, కానీ ఆ రెండు నిమిషాలలో వరుస తప్పకూడదు. నూనె బాగా కాగిన తర్వాత ఆవాలు వేయాలి. గింజలోని తేమ ఆవిరై పెంకును పగలగొట్టినప్పుడే ఆవాలు చిటపటలాడుతాయి, నూనె చాలినంత కాగకపోతే అవి పేలకుండా నల్లబడి చేదెక్కుతాయి. అవి పేలుతూ ఉండగా సెగ తగ్గించి మినప్పప్పు, శనగపప్పు వేసి, అవి లేత బంగారు రంగుకు రాగానే జీలకర్ర, ఎండుమిరపకాయ ముక్కలు వేయాలి. స్టౌ ఆపిన తర్వాత, నూనె వేడి మీదనే ఇంగువ, చివరగా కరివేపాకు వేయాలి. ఇంగువ పచ్చిగా ఉన్నప్పుడు దుర్గంధంలా అనిపిస్తుంది, వేడి నూనె తగలగానే ఆ వాసన ఉల్లి, వెల్లుల్లిని తలపించే కమ్మదనంగా మారుతుంది. బజారులో దొరికే పొడి ఇంగువలో పిండి, బంక కలిసి ఉంటాయి కాబట్టి అది త్వరగా మాడుతుంది, అందుకే స్టౌ ఆపాకే వేయాలంటాను. తరతరాలుగా మనం ఇంతగా వాడుతున్న ఈ ఇంగువ ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వంటి దేశాల నుంచే వస్తూ ఉంది. మన దేశంలో దాని సాగు కోసం హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో తొలి మొక్కలు నాటినది 2020లోనే.

కుక్కరు వచ్చాక పప్పు ఉడికించడం సులువైపోయింది. లోపలి ఒత్తిడి వల్ల నీరు నూరు డిగ్రీల దగ్గర కాకుండా సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందుకే గంట పట్టే కందిపప్పు పావుగంటలో మెత్తబడుతుంది. ఈ సౌకర్యాన్ని నేను మనస్ఫూర్తిగా వాడుకుంటాను. అయితే పెళ్ళైన కొత్తలో ఒకసారి, ఇంటికి బంధువులు వచ్చిన రోజున, పని తొందరగా తెమలాలని మామిడికాయ ముక్కలూ చింతపండు గుజ్జూ పప్పుతో కలిపి కుక్కరులో పెట్టేశాను. ఐదు కూతలు వచ్చాక మూత తీస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. మరో నాలుగు కూతలు పెట్టినా పప్పుగుత్తికి లొంగలేదు. పులుపు తగిలితే గింజలోని పోగులు మెత్తబడవని నాకు అప్పుడు తెలియదు. అందుకే పప్పు పూర్తిగా ఉడికి, మెదిగిన తర్వాతే పులుపు చేర్చాలి, మామిడికాయ ముక్కలను విడిగా ఒక గిన్నెలో పెట్టి అదే కుక్కరులో ఉడికించుకోవచ్చు. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్ళలో కూడా పప్పు ఇలాగే మొండికేస్తుంది. అక్కడ మంచినీళ్ళు పోసి ఉడికించి, ముందుగా అరగంట నానబెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

కూర చేయడానికి ఓపిక లేని రోజున నన్ను ఆదుకునేది కందిపొడి. ఒక గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, పావు గ్లాసు పెసరపప్పు, పది ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు అందులో పడతాయి. సన్నని సెగ మీద, కలియబెడుతూనే, కందిపప్పు లోపలిదాకా వేగాలి. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటే పొడి నోట్లో పిండిలా అతుక్కుంటుంది. దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలను తగ్గించే దారి నాకు తెలిసి ఏదీ లేదు. ఒక గింజను తీసి కొరికితే కరకరమని విరగాలి, అదే గుర్తు. ఆదివారం ఉదయం ఆ సమయాన్ని ఇస్తే, తర్వాతి మూడు వారాలలో ఎన్ని రాత్రులైనా వేడి అన్నంలో నెయ్యి వేసుకుని, కందిపొడి కలుపుకుని, పక్కన పచ్చిపులుసుతో తినవచ్చు. తెలంగాణ ఇళ్ళలో చేసే పచ్చిపులుసును నేను త్వరగా అయ్యే వంటల్లో ఉత్తమమైనదిగా భావిస్తాను. నానిన చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, కొత్తిమీర వేసి చేత్తో నలిపి, పైన చిన్న పోపు పెడితే చాలు, మరిగించే పనే లేదు.

టిఫిను విషయానికి వస్తే, పిండి పులియవలసిన ఇడ్లీ, దోసెలే మన టిఫిన్లని అనుకోవడం పొరపాటు. పెసరట్టుకు పులియబెట్టడం అక్కరలేదు, పెసలు నాలుగైదు గంటలు నానితే అల్లం, పచ్చిమిరపకాయలు వేసి రుబ్బి వెంటనే అట్టు పోయవచ్చు. దిబ్బరొట్టెకు గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపి, మందపాటి మూకుడులో మూతపెట్టి సన్నని సెగ మీద కాలిస్తే చాలు. ఇంకా వేగంగా కావాలంటే ఉప్పుడుపిండి ఉంది. పోపులో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, అందులో నానిన పెసరపప్పు గుప్పెడు వేసి, నీళ్ళు తెర్లుతుండగా గ్లాసు బియ్యపురవ్వ పోసి కలిపి, మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఆ పదిహేను నిమిషాలూ కలపకూడదు. గిన్నె అడుగున రవ్వ ఎర్రగా కాలి ఒక పలచని పొర కడుతుంది, అట్లకాడతో గీకి తీస్తే కరకరలాడుతూ వచ్చే ఆ మాడు కోసం మా ఇంట్లో పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడతారు. నాన్‌స్టిక్ గిన్నెలో ఆ పొర సరిగ్గా రాదు, మందపాటి ఇత్తడి గిన్నెలోనో ఇనుప మూకుడులోనో మాత్రమే వస్తుంది.

మిక్సీని నేను తప్పుపట్టను, రోలు పెట్టుకునే చోటు మా వంటింట్లో లేదు. కానీ రోటి పచ్చడిని మిక్సీలో చేసేటప్పుడు వేగాన్ని అదుపులో పెట్టుకోవాలి. ముందుగా వేయించిన ఎండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు వేసి నలగనిచ్చి, దోసకాయ ముక్కలనో, వేయించిన బీరకాయ తొక్కునో చివర్లో వేసి ఒకటి రెండు సార్లు మాత్రమే తిప్పి ఆపితే ముక్క పంటికి తగులుతుంది. ఎక్కువసేపు తిప్పితే బ్లేడు వేడికి పచ్చడి వెచ్చబడి, గుజ్జుగా మారి, నీరు వదులుతుంది. సీసాలో దొరికే చింతపండు గుజ్జును మాత్రం నేను కొనను. ఉప్పుతో, నిల్వ కోసం చేర్చే పదార్థాలతో దాని పులుపు మొద్దుబారి ఉంటుంది, ఏటికేడు చింతపండులో వచ్చే తేడా, కొత్తదానిలోని లేత ఎరుపు, పాతదానిలోని నల్లని గాఢత అందులో తెలియవు.

ఈ రాత్రి మా ఇంట్లో దొండకాయ వేపుడు, చారు. చింతపండు నానేలోపు దొండకాయలు చక్రాలుగా తరిగాను, కుక్కరులో కింద కందిపప్పు, పైన బియ్యం పెట్టాను. వేపుడు మూకుడులో వేగుతూ ఉండగా చారు పక్క స్టౌ మీద మరిగింది. ఏడూ నలభైకి కంచాలు వేశాను. పప్పు తేట తీయగా మిగిలిన పప్పులో నెయ్యి, ఉప్పు వేసి ముద్దపప్పు చేశాను కాబట్టి ఆవకాయ జాడీ కూడా కిందికి దిగింది. చింతపండు నానిన గిన్నెను కడిగి, రేపటి ఉదయం పెసరట్టు కోసం అందులో పెసలు నానబోశాను.