బాబాయ్ మట్టిలో 11 పీపీఎం జింకు

బాపట్ల వైపు మా బాబాయ్ చేలో నాట్లేసిన మూడు వారాలకి ముదురాకుల మీద తుప్పు మచ్చలు, ఆకు మొదట్లో ఈనె పాలిపోవడం, పైరు గిడసబారిపోవడం. ఫొటో చూస్తేనే జింకు లోపం అనిపించింది కానీ "నువ్వు ల్యాబ్‌లోనేగా పనిచేసేది, ఓసారి మట్టి చూసి చెప్పమ్మా" అని అరకేజీ పంపించాడు, సరే అని మా ఐసీపీ మీద, అంటే ఏ మూలకం ఎంతుందో కొలిచే మిషను మీద పెట్టా. జింకు 11 పీపీఎం, అంటే పది లక్షల భాగాల మట్టిలో 11 భాగాలు! 0.6 కన్నా తక్కువుంటే లోపం అంటాం, ఇది దానికి దగ్గర దగ్గర ఇరవై రెట్లు.

ఐసీపీలోకి మట్టి నేరుగా పోదు. ఆరబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాములకి 20 మిల్లీలీటర్ల డీటీపీఏ ద్రావణం (జింకు లాంటి లోహాల్ని పట్టుకుని మట్టిలోంచి లాగే మందు) పోసి రెండు గంటలు షేకర్ మీద ఊపి వడకడతాం, అంటే మట్టిలో ఉన్న మొత్తం జింకు కాదు, వేరుకి అందే జింకు ఎంతో అంచనా వస్తుంది. ఆ నీళ్ళని మిషను సన్నటి తుంపర చేసి ఆర్గాన్ ప్లాస్మాలోకి, అంటే మండిపోతూ వెలిగే ఆర్గాన్ వాయువులోకి ఊదుతుంది, అక్కడ వేడి 6 వేల డిగ్రీల పైమాటే, అంత వేడికి ఒక్కో మూలకం తన రంగు వెలుగు వదుల్తుంది. జింకుది 213.857 నానోమీటర్లు, అది కంటికి కనపడదు. ఉప్పు శాంపిల్ వెళ్ళినప్పుడు మాత్రం కిటికీలోంచి చూస్తే మంట నారింజ రంగుకి తిరుగుతుంది, ఇన్నేళ్ళయినా నాకది చూడ్డం సరదానే. ఆర్గాన్ ఖర్చు తల్చుకుంటేనే సరదా పోతుంది, 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ నిమిషానికి 15 లీటర్ల లెక్కన ఎనిమిది గంటలు కూడా రాదు.

ముందు మిషన్నే అనుమానించా. బ్లాంక్ (మట్టి లేని ఉత్త ద్రావణం) శుభ్రంగా ఉంది, చెక్ స్టాండర్డ్ (జింకు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) సరిగ్గా వచ్చింది. పక్కనున్న వేరే మూలకం వెలుగు కలిసిందేమో అని జింకుదే ఇంకో వెలుగు 206.200 నానోమీటర్ల దగ్గర చూశా, అక్కడా అదే 11. రెండు చోట్లా ఒకే అంకె వస్తే అది నిజంగా జింకే. ఇత్తడి జల్లెడ ఎవరైనా వాడారా అంటే, ఇత్తడంటే రాగీ జింకూ కదా, రాగి కూడా పెరగాలి, అది మామూలుగానే ఉంది. ఇంక బాబాయ్‌కే ఫోన్ చేశా.

"మట్టి దేంట్లో తెచ్చావ్ బాబాయ్?"

"సంచిలోనే, ఇంకెందులో తెస్తారే."

"ఏం సంచి?"

"జింక్ సల్ఫేట్ సంచి. బాగా దులిపానే!"

దులిపాడంట! ఒక్క మిల్లీగ్రాము, అంటే చిన్న పలుకు, అందులో జింకు 210 మైక్రోగ్రాములు. అరకేజీ మట్టిలో అది కలిసి మొత్తం ద్రావణంలోకి వచ్చిందనుకుంటే 0.4 పీపీఎం పెరుగుతుంది, అంటే లోపమున్న చేను ఒక్క పలుకుతో రిపోర్టులో బాగైపోతుంది. 11 వచ్చింది కాబట్టి పట్టుబడింది, 0.8 వచ్చుంటే నేనే "జింకు బానే ఉంది బాబాయ్" అని చెప్పేసేదాన్ని, నిజంగా ఆ ఊహకే భయమేసింది. జీఐ బకెట్లో మట్టి కలిపినా ఇదే గొడవ, ఆ ఇనుము మీద ఉండేది జింకు పూతే. బోరాన్‌కి వేరే తలనొప్పి, మామూలు ల్యాబ్ గాజు సామానులోనే బోరాన్ ఉంటుంది, అందుకే ప్లాస్టిక్ సామాను వాడతాం.

మళ్ళీ తీయించా. పొలంలో అటూ ఇటూ వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు, అన్నీ ప్లాస్టిక్ టబ్బులో కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు పారేసి, అరకేజీ మిగిలేదాకా అలాగే. ఈసారి బట్టల షాపు కవర్లో పంపాడు, పండక్కి చీరలు కొన్న కవరు, కొత్తదే. ద్రావణంలో 0.19 వచ్చింది, మట్టికి లెక్కేస్తే రెట్టింపు, 0.38 పీపీఎం.

లీటరు నీళ్ళకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదేసి రోజులకోసారి రెండు మూడు సార్లు కొట్టమన్నా, వచ్చే ఏడు దమ్ములోనే ఎకరాకి 20 కేజీలు వెయ్యమన్నా, డీఏపీతో మాత్రం కలపొద్దన్నా.

అన్నీ విని బాబాయ్ అడిగాడు, "మరి ఇంటినిండా జింకు సంచులున్నాయి, నా చేలో జింకు లేకపోడమేంటే?"

నేను పిన్నిని అడిగా. సంచులు పక్క చేను వాళ్ళవంట, వడ్లు ఎత్తుకోడానికి మనవాళ్ళు తెచ్చుకున్నారంట, మనం జింకు వేసి మూడేళ్ళయిందంట.