వోచరు లేని అర్ధరూపాయి

సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వాళ్లు ఫోన్ చేసి, "సెక్రటరమ్మగారి గురించి నాలుగు మంచి ముక్కలు చాలండి" అన్నారు. ఆ నాలుగు ముక్కలూ ఆవిడ బతికుండగానే సన్మాన సభల్లో చాలామంది చెప్పేశారు. వింటూ ఆవిడ ఆవులించడం నేను ముందు వరసలో కూర్చుని చూశాను. నేను రాస్తే ఆవిడ చేత తిన్న తిట్లు, ఆవిడతో పడ్డ తగువు కూడా వస్తాయి, ఇష్టమైతే వేసుకోండి అన్నాను. సరే అన్నారు.

నేను మన సంస్థలో చేరింది 1979 జులైలో. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. పదమూడో ఏట పెళ్లి, పదిహేడో ఏట పుట్టింటికి తిరిగి రావడం, రెండూ నన్నడిగి జరిగినవి కావు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మా మేనమామ నన్నూ ఒక రేకు పెట్టెనూ మన వరండాలో దింపి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. కండెన్సు కోర్సు అనే మాట తప్ప ఇక్కడేం చేస్తారో నాకు తెలీదు. వంటకో, అంట్లు తోమడానికో పెట్టాడనుకుని ఆ రాత్రంతా ఏడ్చాను.

ఈ తరం వాళ్లకి ఆ కోర్సు సంగతి కాస్త చెప్పాలి. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953లో ఏర్పడినప్పుడు దుర్గాబాయమ్మగారే, అంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారే, దానికి మొదటి అధ్యక్షురాలు. పల్లెల్లో పనిచెయ్యడానికి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. చదువుకున్నవాళ్లు పల్లెలకి రారు, పల్లెల్లో ఉన్న ఆడవాళ్లకి చదువు లేదు. ఈ చిక్కు విడదియ్యడానికే 1958లో బోర్డు ఈ కోర్సులు మొదలుపెట్టింది. బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్లని రెండేళ్లలో మెట్రిక్కి తయారు చెయ్యాలి. డబ్బు బోర్డుది, నడిపే బాధ్యత మన సంస్థలాంటి వాళ్లది. నిజానికి దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది కూడా అలాంటి పనితోనే, ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్‌కి చదివించడంతో. మన సెక్రటరమ్మగారు పెళ్లయ్యాక ఆ మద్రాసు క్లాసుల్లో చదివి పాసైన మనిషి. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారని అడిగితే మాత్రం "టైముకి రావడం" అనేవారు, అంతే.

ఇక అర్ధరూపాయి. చేరిన మూడో నెలలో నన్ను బజారుకి పంపారు. సుద్దముక్కలు, సిరా, లాంతరుకి ఒత్తి తేవాలి. తెచ్చాను. చిల్లర లెక్క చెబుతుంటే అర్ధరూపాయి తగ్గింది. దానికి మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ మాట నోట రాక, ఒత్తులమ్మేవాడు చీటీ ఇవ్వలేదండీ అన్నాను. ఆవిడ నా మొహం వంక ఒక్కసారి చూసి, నగదు పుస్తకం తెరిచి, ఆ రోజు పద్దులో "వోచరు లేదు, 0.50" అని రాసి పక్కన నా పేరు రాశారు. ఇంటిపేరుతో సహా. అంతకుముందు నా పేరు ఇంటిపేరుతో సహా ఎవరైనా రాసింది శుభలేఖ మీదే.

అక్కడితో పోయిందనుకున్నాను. మార్చి తర్వాత ఆడిటరుగారొచ్చారు. ఆయన వేలు సరిగ్గా ఆ పద్దు మీదే ఆగింది. కమిటీ అమ్మగార్లు నలుగురు కుర్చీల్లో కూర్చుని ఉండగా నన్ను పిలిపించారు. బజ్జీలు తిన్నానండీ అని అక్కడ ఒప్పుకున్నాను. ఒక అమ్మగారు "పోన్లెండి పాపం, వాళ్లకేం తెలుస్తుంది" అన్నారు. సెక్రటరమ్మగారు ఆవిడకి జవాబివ్వలేదు. నాతో మాత్రం, "జాకెట్లు కుడుతున్నావుగా, ఆ కూలిలోంచి కట్టెయ్" అన్నారు. కట్టాను. రసీదు ఇచ్చారు.

అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పెద్ద సంస్థ, ఇంత చిన్న డబ్బు! కానీ మా ఇంట్లో, మా వీధిలో, నా నెత్తిన పాపం అనే మాట పొయ్యని మనిషి లేరు. నన్ను లెక్క అడిగిన మొదటి మనిషి ఈవిడ. మరుసటి ఏడు చిల్లర పెట్టె తాళం నా చేతికే ఇచ్చారు. నాకెందుకండీ అంటే, "తిన్నదాని పేరు పుస్తకంలో ఉంది. మళ్లీ తినవు" అన్నారు.

మా లెక్కల క్లాసు ఎలా ఉండేదో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పాఠ్యపుస్తకం ఉండేది కానీ శాతాలు, సగటు వచ్చేసరికి ఆవిడ ఆఫీసు గదిలోంచి అసలు ఖాతా పుస్తకమే పట్టుకొచ్చేవారు. గ్రాంటు ఎంత మంజూరైంది, మొదటి వాయిదా ఎంత వచ్చింది, రెండో వాయిదా ఎన్ని నెలలు ఆలస్యం, ఆ నెలల్లో బియ్యం కొట్టుకి ఎంత బాకీ పడ్డాం, ఇవే మా లెక్కలు. వచ్చిన గ్రాంటు ఇలా ఖర్చుపెట్టామని రాసి పంపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ అనే మాట నోరు తిరక్కపోయినా దాని పని ఏమిటో మాకు తెలిసిపోయింది. అది వెళ్తేనే వాయిదా వస్తుంది, వాయిదా వస్తేనే పప్పు చిక్కబడుతుంది. చేతిరాత కోసం జమాఖర్చుల పట్టిక రెండేసి సార్లు ఎత్తి రాయించేవారు. అదొక శిక్ష అనుకునేవాళ్లం. ఎందుకు చేయించారో 1984లో గానీ బోధపడలేదు, ఆ ముచ్చట వస్తోంది.

ఇన్‌స్పెక్షన్ రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు మాకు పాతికమందికి మంజూరైతే ఉన్నది పందొమ్మిదిమందిమి. అలాంటప్పుడు పక్క వీధి ఆడవాళ్లకి తలో పలకా ఇచ్చి కూర్చోబెట్టే చోట్లు ఉండేవని తర్వాత ఉద్యోగంలో చేరాక విన్నాను. ఈవిడ హాజరు పట్టీ తీసి ఆఫీసరు ముందు పెట్టి, పందొమ్మిది అన్నారు. గ్రాంటు కోత పడింది. ఆ కోత మా చారులో నీళ్లై దిగింది. మేమంతా ఆవిణ్ణి తిట్టుకున్నాం, నేనైతే కాస్త పైకే తిట్టాను.

ఆ ఆరుగురూ ఎందుకు వెళ్లిపోయారంటే వంట వంతుల వల్ల. వంటమనిషి మానేశాక ఆవిడ కొత్త మనిషిని పెట్టలేదు. గోడ మీద చార్టు అంటించి, రోజుకి ముగ్గురు చొప్పున అందర్నీ వేశారు. అందరూ అంటే అందరూ. దళితవాడల నుంచి వచ్చిన నలుగురూ అందులో ఉన్నారు. వాళ్లు వండిన మొదటి రోజు సగం మంది కడుపునొప్పని పడుకున్నారు. నేనూ పడుకున్నాను. అది రాయకుండా ఈ వ్యాసం రాస్తే దొంగతనమే. ఆవిడ ఎవర్నీ బతిమాలలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ నలుగురితో కూర్చుని భోంచేసి, గిన్నెలు కడిగించి, పొయ్యి ఆర్పించేశారు. రాత్రికి ఆకలేసి లేచినవాళ్లకి ఏమీ మిగల్లేదు. మర్నాడు చాలామందిమి తిన్నాం. ఆరుగురి తండ్రులొచ్చి పెట్టెలు సర్దుకుని తీసుకుపోయారు. కమిటీలో పెద్ద గొడవైంది, ఊళ్లో చందాలు రెండు మూడు ఆగిపోయాయి. చార్టు మాత్రం గోడ మీదే ఉంది.

1981 మేలో పరీక్షలైపోయి అందరూ ఊళ్లకి వెళ్లారు. వెళ్లడానికి ఊరంటూ లేనివాళ్లం ఏడుగురం హాస్టల్లోనే ఉండిపోయాం. 9వ తేదీన దుర్గాబాయమ్మగారు పోయారు. కబురు తెలిసిన రోజు సెక్రటరమ్మగారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, ఆవిడ ముచ్చట్లు చెప్పారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ వచ్చాక ఆ పెళ్లిలోంచి బయటికొచ్చేశారని చెప్పినప్పుడు నేను తలెత్తి చూశాను. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు పద్నాలుగేళ్ల వలంటీరుగా ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన సంగతి చెప్పారు. టికెట్ తెప్పించాకే లోపలికి వదిలారట. అది వింటూ నేను అర్ధరూపాయి గురించే ఆలోచించాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటివ్వడం కుదరదంటే, పేపర్లో ప్రకటన వేసి, చదువుకోవాలనుకునే ఆడపిల్లల్ని పోగేసి, తామే ఒక హాస్టల్ పెట్టుకుని వెళ్లి సీట్లడిగిన సంగతీ ఆ సాయంత్రమే విన్నాను. చెప్పడం అయ్యాక ఆవిడ లేచి, "రేపు బియ్యం ఎవరు ఏరుతున్నారే" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది.

నేను పాసయ్యాను. అంగన్‌వాడీలో పని దొరికింది. ఇక అసలు సంగతి.

మన సంస్థ 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. సంస్థకి యజమాని అంటూ ఎవరూ ఉండరు, సర్వసభ్య సమావేశమే పెద్ద. మరి సభ్యులెవరు? చందా కట్టగలిగిన లాయర్ల భార్యలు, డాక్టర్ల భార్యలు, మిల్లు యజమానుల కోడళ్లు. మంచివాళ్లే, కాదనను. కానీ మేము? మేము రిపోర్టులో ఒక అంకె. ఆ ఏడు ఎంతమంది లబ్ధి పొందారు అన్నచోట మేముంటాం. వార్షికోత్సవానికి ప్రార్థన గీతం పాడి, టీలందించి, గోడకి ఆనుకుని నిలబడతాం. ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే నడిపే సంస్థలో కూడా కూర్చునేవాళ్లు, నిలబడేవాళ్లు అని రెండు రకాలుండేవారు.

1984 సర్వసభ్య సమావేశంలో సెక్రటరమ్మగారు నిబంధనావళికి ఒక సవరణ పెట్టారు. కోర్సు పూర్తిచేసిన వాళ్లెవరైనా ఏడాదికి రెండు రూపాయల చందాతో సభ్యులు కావచ్చు, ఓటుంటుంది, పోటీ కూడా చెయ్యొచ్చు. మాలో పదకొండుమందిని రమ్మని ముందే కార్డులు రాశారు. మేం వెళ్లి అలవాటు ప్రకారం గోడకి ఆనుకున్నాం.

ఎంత గొడవనుకున్నారు! సాయం పొందినవాళ్లే ఓటేస్తే సంస్థ ఏమైపోతుందని ఒకావిడ, వీళ్లకి లెక్కాడొక్కా తెలుస్తుందా అని ఇంకొకావిడ. సెక్రటరమ్మగారు అన్నీ విన్నారు. తర్వాత, "పోయినేడు జమాఖర్చుల పట్టిక ఇంటింటికీ పంపించాను. చదివినవాళ్లెవరండీ?" అని అడిగారు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ మావైపు తిరిగి, మీరు చదివిన ఏడు రెండో వాయిదా బాకీ ఎంతమ్మాయ్ అని అడిగారు. పదకొండు గొంతుల్లో ఆరేడు ఒకేసారి పలికాయి, పైసలతో సహా. ఎత్తి రాసీ రాసీ చేతులు కాయలు కాచినవాళ్లం కదా, ఎలా మర్చిపోతాం.

సవరణ నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది. ముగ్గురు రాజీనామా చేశారు. మాకు ఆ రోజే కుర్చీలు వెయ్యబోతే సరిపోక చాప పరిచారు, చాప మీద కూర్చునే మేము సభ్యత్వ పుస్తకంలో సంతకాలు పెట్టాం. ఆ తర్వాత నేను ఎన్నో డ్వాక్రా గ్రూపుల మీటింగుల్లో చాపల మీద కూర్చుని పుస్తకాలు రాయడం నేర్పాను. గ్రూపు లీడరు ఒక్కతే పాస్‌బుక్కు ఇంట్లో దాచుకుంటే చాలు, మిగతా తొమ్మిదిమంది ఎలా గోడకి ఆనుకుపోతారో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక తగువు. 1996 నాటికి నేను కోశాధికారిని. ఆవిడ సెక్రటరీ కుర్చీలోకొచ్చి ఇరవై రెండేళ్లు. చూపు తగ్గింది, కోపం తగ్గలేదు. ఏ ఆఫీసుకెళ్లినా ఆవిడ పేరే, ఏ చెక్కు మీదైనా ఆవిడ సంతకమే. రెండో సంతకం నాదైనా, చెక్కు చూడకుండా పెట్టేస్తానని ఆవిడ ధీమా. ఆవిడ పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంటే జీతాలు ఆగిపోయాయి. ఎవరూ పదవిలో వరసగా రెండు దఫాలకి మించి ఉండకూడదని నేను తీర్మానం పెట్టాను. పెట్టేముందు ఇంటికెళ్లి చెప్పాను. "నన్ను దింపడానికొచ్చావన్నమాట" అన్నారు. కాదండీ అన్నాను. అవును కూడా, అందుకే గొంతు సరిగ్గా పెగల్లేదు.

సభలో ఆవిడ గట్టిగా వాదించారు. సంస్థ పిల్లలాట కాదన్నారు, నన్ను తొందరపాటు మనిషినన్నారు. నాకు ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజమనే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆవిడ తర్వాత వచ్చిన సెక్రటరీ రెండేళ్లు తిరక్కుండా వదిలేసి వెళ్లారు, ఆ గడ్డుకాలం మీకు తెలుసు. కానీ తీర్మానం నెగ్గింది. చాప మీద సంతకాలు పెట్టినవాళ్లు, వాళ్ల తర్వాత చేరినవాళ్లు ఎక్కువమంది నావైపు చెయ్యెత్తారు.

మినిట్సు రాయాల్సింది సెక్రటరీయే. ఆవిడే రాశారు. తీర్మానం ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో, ఎన్ని ఓట్లో రాసి, "కార్యదర్శి వ్యతిరేకించినారు" అని తన గురించే రాసుకుని, కింద సంతకం పెట్టి, పుస్తకం నావైపు తోశారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో నెల ఒక కార్డొచ్చింది. క్షేమసమాచారాలేమీ లేవు. ఫిబ్రవరి నెల తపాలా ఖర్చులో మూడు రూపాయలు ఎక్కువ చూపించారు, సరిచూడగలరు అని ఉంది. సరిచూశాను. నిజమే.

కోర్సులకి డబ్బిచ్చిన ఆ బోర్డు ఇప్పుడు లేదు, మూసేశారు. మన సంస్థ ఉంది, సర్వసభ్య సమావేశం ప్రతి ఏడూ జరుగుతోంది. రెండు రూపాయల చందా ఇప్పుడు వంద. మూడేళ్లుగా కట్టని పూర్వ విద్యార్థినుల పట్టిక నా దగ్గర తయారుగా ఉంది, ఇంటిపేర్లతో సహా. దాన్ని కూడా ఈ వ్యాసం కింద అచ్చు వెయ్యమన్నాను. సంపాదకులు ఒప్పుకోలేదు.